బరంపురం 760001: పెద్ద సంఖ్యను చేత్తో విప్పి చూడడం ఎలా

బరంపురం పెద్ద పోస్టాఫీసు పిన్‌కోడ్ 760001. ఉత్తరాల మీద, కొరియర్ చీటీల మీద, దుకాణాల బోర్డుల మీద రోజూ కనబడే ఈ ఆరంకెల సంఖ్యలో 11 ఒకసారి కాదు, మూడుసార్లు దాక్కుని ఉంది. 760001 = 11 × 11 × 11 × 571. వరసగా 1331 సంఖ్యలు తీసుకుంటే వాటిలో ఒక్కటే 11 ఘనంతో నిశ్శేషంగా భాగింపబడుతుంది. ఆ ఒక్కటి మన ఊరి నంబరు కావడం అచ్చంగా కాకతాళీయం. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ పద్ధతి వచ్చినప్పుడు అంకెలు ఇచ్చింది ఉత్తరాలు వేరుచేయడానికే. మొదటి అంకె ప్రాంతాన్ని, చివరి మూడంకెలు బట్వాడా పోస్టాఫీసును చెబుతాయి. అయినా చేత్తో లెక్క నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సంఖ్య దొరకడం కష్టం. ఎందుకంటే సాధారణంగా జరిగే తప్పులన్నీ దీని దగ్గరే బయటపడతాయి.

కావలసినవి గళ్ల నోటుపుస్తకం, పెన్ను, అరగంట సమయం. ఫోను కాలిక్యులేటరును చివర్లో సరిచూసుకోవడానికి ఉంచుకోండి.

ముందు మాటల సంగతి. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా మీడియం చదివే పిల్లలు చాలామంది. బడి పుస్తకంలో 'మౌళిక సంఖ్య' అని ఉన్నదే తెలుగులో ప్రధాన సంఖ్య. 'జౌగిక సంఖ్య' అంటే సంయుక్త సంఖ్య. 'గుణనీయక' అంటే కారణాంకం, 'గుణితక' అంటే గుణిజం. ఈ చివరి రెండూ వినడానికి దగ్గరగా ఉండి తికమక పెడతాయి. 11 అనేది 760001కి కారణాంకం; 760001 అనేది 11కి గుణిజం. ఈ తేడా స్పష్టమయ్యాకే ముందుకు వెళ్లండి.

సంఖ్యను సరిగ్గా ఎత్తి రాసుకోవడం

నవ్వుకోకండి, సగం తప్పులు ఇక్కడే మొదలవుతాయి. ఒడియా అంకెల్లో ఉన్న బోర్డు చూసి రాసుకుంటే మరీను. గడికి ఒక అంకె చొప్పున రాసి, కుడి నుంచి మూడు అంకెల తర్వాత నిలువు గీత గీయండి: 760 | 001. మధ్యలో సున్నాలు మూడే అని వేలు పెట్టి లెక్కపెట్టండి.

అంకెల మొత్తం 7 + 6 + 0 + 0 + 0 + 1 = 14, మళ్లీ కలిపితే 5. ఇది 9తో భాగిస్తే వచ్చే శేషం. పక్కన రాసి పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. కానీ ఈ ఒక్క పరీక్షను నమ్ముకుంటే మోసపోతారు. పొరపాటున 706001 అని రాసినా అంకెల మొత్తం 14 మాత్రమే. అంకెలు తారుమారైతే 9 పరీక్షకు తెలియదు. 11 పరీక్షకు తెలుస్తుంది. ఒకటి విడిచి ఒకటి అంకెలను రెండు జట్లు చేసి కలపండి. 760001లో 7 + 0 + 0 = 7, 6 + 0 + 1 = 7, తేడా 0. 706001లో 7 + 6 + 0 = 13, 0 + 0 + 1 = 1, తేడా 12. పక్కపక్క అంకెలు రెండు వేర్వేరువై చోట్లు మారితే 11 పరీక్ష దాన్ని తప్పకుండా పట్టేస్తుంది. అందుకే 9, 11 పరీక్షలు రెండూ కలిపి చేయాలి.

చిన్న ప్రధాన సంఖ్యలు

2 కాదు, చివరి అంకె 1. 3 కాదు, అంకెల మొత్తం 14. 5 కాదు. ఇవి మూడు క్షణాల పని.

7, 11, 13 మూడింటికీ ఒకే తీసివేత

7 × 11 × 13 = 1001. ఈ ఒక్క గుణకారం గుర్తుంటే ఆరంకెల సంఖ్యలన్నీ చేతికి లొంగుతాయి. గీతకు రెండు పక్కలా ఉన్న భాగాలను ఒకదానిలోంచి ఒకటి తీసేయండి: 760 − 001 = 759. ఇప్పుడు 759ని పరీక్షిస్తే చాలు. 759 = 7 × 108 + 3, కాబట్టి 7 పోయింది. 759 = 13 × 58 + 5, కాబట్టి 13 కూడా పోయింది. 759 = 11 × 69, శేషం లేదు. 11 దొరికింది.

ఎందుకు పనిచేస్తుందో చూస్తే పద్ధతి మరచిపోరు. 760 × 1001 = 760760. దాంట్లోంచి 759 తీసేస్తే సరిగ్గా 760001 వస్తుంది. 760760లో 7, 11, 13 మూడూ ఉన్నాయి కనుక మిగతా నిర్ణయమంతా 759దే.

ఇంకో లాభం కూడా ఉంది. 1001ని 11తో భాగిస్తే 91, 759ని భాగిస్తే 69. అంటే 760001ని 11తో భాగించడానికి పొడుగు భాగహారం అక్కర్లేదు:

760 × 91 − 69 = 69160 − 69 = 69091.

ఇక్కడ గుర్తు జాగ్రత్త. ఎడమ భాగం పెద్దదైతే తీసివేత, కుడి భాగం పెద్దదైతే కూడిక.

ఇప్పుడు అందరూ జారిపడే చోటు. 759 = 11 × 69, ఆ 69ని 11 భాగించదు. అది చూసి "11 ఒకసారే ఉంది" అని 17కి వెళ్లిపోతారు. తప్పు. 759 చెప్పేది 11 ఉందా లేదా అన్నది మాత్రమే, ఎన్నిసార్లు ఉందన్నది చెప్పలేదు. 1001లో 11 ఒకటే ఉంది కాబట్టి ఆ పరీక్ష చూపు అక్కడికే ఆనుతుంది. ఎన్నిసార్లో తెలియాలంటే భాగఫలాన్ని పట్టుకుని మళ్లీ అదే 11తో మొదలుపెట్టాలి.

69 | 091. కుడి భాగం పెద్దది: 91 − 69 = 22 = 11 × 2. మళ్లీ భాగిస్తుంది. భాగఫలం 69 × 91 + 2 = 6279 + 2 = 6281.

6 | 281. 281 − 6 = 275 = 11 × 25. మూడోసారీ భాగిస్తుంది. భాగఫలం 6 × 91 + 25 = 546 + 25 = 571.

571లో 5 + 1 = 6, దాంట్లోంచి 7 పోతే తేడా 1. 11 ఇక లేదు. ఇప్పుడు మాత్రమే 11ని వదలండి.

దీనికి నియమం చిన్నది. భాగించని ప్రధాన సంఖ్యను మళ్లీ చూడనక్కర్లేదు. 760001ని భాగించని 7, 69091నీ 6281నీ 571నీ కూడా భాగించదు. భాగించిన ప్రధాన సంఖ్యను మాత్రం "లేదు" అనిపించుకునేదాకా వదలకూడదు.

571 దగ్గర ఎప్పుడు ఆగాలి

రెండో పెద్ద పొరపాటు ఇక్కడ. 760001 వర్గమూలం 871కి పైన, 872కి లోపల. (871 వర్గం 758641, 872 వర్గం 760384.) కాబట్టి 871 వరకు ప్రధాన సంఖ్యలన్నీ పరీక్షించాలని కూర్చుంటే అవి 150 ఉంటాయి. సాయంత్రం గడిచిపోతుంది. హద్దు అసలు సంఖ్యది కాదు, చేతిలో మిగిలిన సంఖ్యది. మిగిలింది 571. 24 వర్గం 576 దానికంటే పెద్దది, కనుక 23 దాటి వెళ్లనక్కర్లేదు. 2, 3, 5, 7, 11, 13 తేలిపోయాయి. మిగిలినవి మూడే:

17 × 33 = 561, శేషం 10.
19 × 30 = 570, శేషం 1.
23 × 24 = 552, శేషం 19.

571 ప్రధాన సంఖ్య. 150 పరీక్షల పని తొమ్మిదింటితో అయిపోయింది. భాగఫలం చిన్నదైనప్పుడల్లా హద్దును మళ్లీ లెక్కగట్టడమే దీనికి కారణం.

తిరిగి గుణించి చూసుకోండి. 1331 × 500 = 665500, 1331 × 71 = 94501, మొత్తం 760001. 9 పరీక్ష కూడా: 1331 అంకెల మొత్తం 8, 571ది 13, అంటే 4. 8 × 4 = 32, దాని అంకెల మొత్తం 5. మొదట పక్కన రాసి పెట్టుకున్న 5 అదే.

కారణాంక విభజన నుంచి వచ్చే లక్షణాలు

ఇక్కడి నుంచి కొత్తగా వెతకడం లేదు, ఉన్నదాన్ని వాడుకోవడమే. విభజన తప్పితే కిందవన్నీ తప్పుతాయి. అందుకే పైన అంత పట్టుబట్టడం.

కారణాంకాలు ఎన్ని? ఘాతాంకాలకు ఒక్కొక్కటి కలిపి గుణించండి: (3 + 1) × (1 + 1) = 8. అవి 1, 11, 121, 1331, 571, 6281, 69091, 760001. చేత్తో రాసినవి ఎనిమిది రాకపోతే ఏదో వదిలేశారన్నమాట. ఎక్కువమంది మరచిపోయేది 121ని. బొమ్మగా ఊహించుకోవాలంటే: పొడవు 11, వెడల్పు 11, ఎత్తు 11 వచ్చేలా గోలీలు పేర్చిన పెట్టెలు 571 పెడితే గోలీలు సరిగ్గా 760001 అవుతాయి. ఒక్కటీ మిగలదు, ఒక్కటీ తగ్గదు.

కారణాంకాల మొత్తం: (1 + 11 + 121 + 1331) × (1 + 571) = 1464 × 572 = 837408. మొదటి కుండలీకరణం చోట (1 + 11)ను మూడుసార్లు గుణించి 1728 అని వేసేవాళ్లు ఉంటారు, అది తప్పు. సరిచూడడానికి 11 నాలుగో ఘాతం 14641లో చివరి 1 తీసేయండి, 1464 కనబడుతుంది. సంఖ్యను వదిలేసి మిగతా కారణాంకాలను కలిపితే 837408 − 760001 = 77407. ఇది 760001 కంటే చాలా తక్కువ కనుక దీన్ని ఊన సంఖ్యల జట్టులో వేస్తారు.

760001తో 1 తప్ప మరో ఉమ్మడి కారణాంకం లేని, దానికంటే చిన్న సంఖ్యలు ఎన్ని? ఆయిలర్ సూత్రం ప్రకారం 11 × 11 × 10 × 570 = 689700. 11 మూడుసార్లు ఉంది కదా అని 10 × 10 × 10 వేయకూడదు. ఒక్క 11 మాత్రమే 10 అవుతుంది, మిగతా రెండూ 11గానే ఉంటాయి. ఇంకోలా చెప్పాలంటే, హారం 760001గా, లవం అంతకంటే చిన్నదిగా ఉన్న భిన్నాల్లో ఇక కొట్టివేయడానికి వీలులేనివి 689700.

11 ఆధారంగా రాస్తే ఈ సంఖ్య అందం తేటగా కనబడుతుంది. 571 = 4 × 121 + 7 × 11 + 10. కాబట్టి 760001 అంకెలు వరసగా 4, 7, పది, 0, 0, 0. పదితో భాగింపబడే సంఖ్యకు మన లెక్కలో చివర సున్నా ఎలా వస్తుందో, 11 ఘనంతో భాగింపబడేదానికి ఆ లెక్కలో మూడు సున్నాలు అలా వస్తాయి. కంప్యూటరు వాడే 2 ఆధారంలో మాత్రం ఇది 10111001100011000001. ఇరవై అంకెలు, వాటిలో ఒకట్లు తొమ్మిది.

వర్గాలతో ఆడుకోవడం

760001ని రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? 4తో భాగిస్తే శేషం 1 వస్తుంది కాబట్టి ఆశ పుడుతుంది. ఆ ఆశతో గంటలు వెతకొద్దు. 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రధాన సంఖ్య ప్రతిదీ విభజనలో సరిసంఖ్య సార్లు ఉంటేనే అది సాధ్యం. 11కి శేషం 3, అది మూడుసార్లు ఉంది. 571కీ శేషం 3, అది ఒకసారి ఉంది. రెండూ బేసి. కాబట్టి అసాధ్యం. శేషాలు 3, 3 గుణిస్తే 9 అయి 4తో శేషం 1 ఇవ్వడం వల్లే పైకి ఆశ కనబడింది.

మూడు వర్గాలైతే సాధ్యమే. 8తో భాగిస్తే శేషం 7 వచ్చే సంఖ్యలు, వాటిని 4తో ఎన్నిసార్లయినా గుణిస్తే వచ్చేవి తప్ప మిగతావన్నీ మూడు వర్గాల మొత్తాలే. మనదాని చివరి మూడంకెలు 001, 8తో శేషం 1. వెతికే పద్ధతి: అన్నిటికంటే పెద్ద వర్గాన్ని ముందు తీసేయండి. 760001 − 758641 = 1360. ఇప్పుడు 1360ని రెండు వర్గాలుగా విడదీయాలి. 36 వర్గం 1296, మిగిలింది 64, అది 8 వర్గం. కాబట్టి 760001 = 871² + 36² + 8². మొదటి ప్రయత్నంలోనే దొరకడం ఈ సంఖ్య మంచితనం. దొరకకపోతే 870తో, 869తో చూస్తూ పోవాలి.

రెండు వర్గాల తేడాగానైతే నాలుగు రకాలుగా రాయొచ్చు. ఒకదానితో ఒకటి గుణిస్తే 760001 వచ్చే కారణాంకాల జతలు నాలుగు కదా, ఒక్కో జత మొత్తంలో సగం, తేడాలో సగం తీసుకోండి. 1331, 571 జతకు 951, 380. అంటే 951² − 380² = 904401 − 144400 = 760001. మిగతా మూడూ మీరు చేయండి.

ఇదే ఫెర్మా పద్ధతికి మూలం. కారణాంకాలు తెలియనప్పుడు 872తో మొదలుపెట్టి వర్గంలోంచి 760001 తీసేస్తూ, మిగిలింది వర్గమో కాదో చూస్తారు. 872 దగ్గర 383. వర్గం చివరి అంకె 3 కాదు కాబట్టి పోయింది. తర్వాతిదానికి మళ్లీ వర్గం కట్టనక్కర్లేదు, 2 × 872 + 1 = 1745 కలిపితే చాలు: 2128. చివర 8, అదీ పోయింది. ఆపైన 1747 కలిపితే 3875. 5తో ముగిసే వర్గం చివర 25 ఉండాలి, ఇక్కడ 75. ఇలా 951 చేరేసరికి 80వ ప్రయత్నం అవుతుంది. 11 అయిదో ప్రధాన సంఖ్యకే దొరికిన చోట ఇది దండగ పని. రెండు కారణాంకాలూ వర్గమూలానికి బాగా దగ్గరగా ఉన్నప్పుడే ఫెర్మా పద్ధతి గెలుస్తుంది.

1ని 760001తో భాగిస్తే

ఫోనులో వేస్తే 0.000001315787 అని మొదలై తెర చాలక ఆగిపోతుంది. అసలు దశాంశం ఎక్కడ తిరిగి మొదలవుతుందో కాగితం మీదే తేలుతుంది. 1/11లో 09 తిరుగుతుంది, రెండంకెలు. 11 వర్గానికి 22 అంకెలు, ఘనానికి 242. 1/571కి 570 అంకెలు, అంటే ఆ హారానికి సాధ్యమైనంత పొడవు. 242, 570ల క.సా.గు. 68970. అన్ని అంకెల తర్వాతే వరస మళ్లీ మొదటికి వస్తుంది. రెండింటినీ నేరుగా గుణించి 137940 అనకండి. 2 ఉమ్మడిగా ఉంది.

మిగతా ఊళ్ల నంబర్లు

చెయ్యి తిరగడానికి మూడు.

రాయగడ 765001. 765 − 1 = 764, దీన్ని 7, 11, 13 ఏవీ భాగించవు. 765 = 17 × 45 కాబట్టి 17కి శేషం 1. ఆ తర్వాత ఓపిక కావాలి, 59 దాకా ఏదీ రాదు. పద్దెనిమిదో ప్రధాన సంఖ్య 61 దగ్గర 61 × 12541. 112 వర్గం 12544, అంటే 12541 కంటే మూడే ఎక్కువ. కాబట్టి 61 నుంచి 109 వరకు పన్నెండు పరీక్షలు మిగులుతాయి. అన్నీ విఫలమవుతాయి, 12541 ప్రధాన సంఖ్య. వీటిని దాటవేస్తే జవాబు సరైనదే వచ్చినా అది ఊహే అవుతుంది.

జయపురం 764001. అంకెల మొత్తం 18, కాబట్టి 9తో భాగించండి: 84889. దీని అంకెల మొత్తం 37, ఇక 3 లేదు. 84 | 889లో 889 − 84 = 805 = 7 × 115. 1001ని 7తో భాగిస్తే 143 కనుక భాగఫలం 84 × 143 + 115 = 12127. 7ని మళ్లీ చూడండి: 127 − 12 = 115, భాగించదు. 11, 13 కూడా భాగించవు. 17 నుంచి పోతూ ఉంటే 67 × 181. 181 కోసం కొత్త పరీక్ష ఒక్కటీ అక్కర్లేదు. దాని హద్దు 13, అక్కడిదాకా ప్రధాన సంఖ్యలన్నీ అప్పటికే తేలిపోయాయి. 764001 = 3² × 7 × 67 × 181, కారణాంకాలు 24.

పర్లాకిమిడి 761200. చివరి రెండు సున్నాలను 100గా విడదీస్తే 7612 మిగులుతుంది. అది 4 × 1903. 1 | 903లో 903 − 1 = 902 = 11 × 82, భాగఫలం 91 + 82 = 173. 173లో 11 మళ్లీ ఉందేమో చూడండి: 11 × 15 = 165, శేషం 8, లేదు. హద్దు 13. 3కి శేషం 2, 7కి 5, 13కి 4. కాబట్టి 761200 = 2⁴ × 5² × 11 × 173. 100లోని 4ను, 7612లోని 4ను కలిపి 2⁴ రాయడం మరచిపోతే కారణాంకాలు 36 అని వస్తాయి; సరైన లెక్క 5 × 3 × 2 × 2 = 60.